టక్ అన్నాక ఒక్క సుక్క వొద్దు

నిన్న డీజిల్ కోసం బంకులో ఆగాం. నాజిల్ టక్ మని దానంతట అదే ఆగింది. నాజిల్ పట్టుకున్న అమ్మాయి మీటరు చూసి, "రౌండ్ చేసేస్తానండీ" అంటూ మళ్ళీ నొక్కబోయింది. నేను కిటికీలోంచి తల బయట పెట్టి ఒక్క అరుపు అరిచాను.

"టక్ అన్నాక ఒక్క సుక్క వొద్దు!"

ఆ అమ్మాయి బెదిరిపోయి నాజిల్ లాగేసింది. మా కొత్త డ్రైవరు నన్ను వింతగా చూశాడు. "ఏటైంది మావా, ఆ పిల్లని అలాగ అరిసీసేవు?" అన్నాడు. ఏం చెప్పను? నోరు నాదే గానీ మాట నాది కాదు. అది కిందటేడు పోయిన మా పాత డ్రైవరుది.

ఆయన పేరు రాయను. మైలేజీ నోటుబుక్కు మీద ఆయన బండి నంబరు రాసేవాడు గానీ తన పేరు ఎప్పుడూ రాసుకోలేదు. నేను మాత్రం ఎందుకు రాయాలి?

ముందు నా సంగతి రెండు ముక్కలు. ముప్పై ఏళ్ళు మరబోటు నడిపాను. బోటు నడిపేవాణ్ణి మా వైపు సరంగు అంటారు. చూపు తగ్గాక ఒడ్డెక్కి, అల్లుడూ నేనూ కలిసి ఒక పికప్ బండి కొన్నాం. తెల్లారకముందే హార్బరులో చేపల వేలం పాట జరుగుతుంది. పాటలో కొన్న సరుకుకి ఐసు కొట్టి, బండికెక్కించి విజయనగరం మార్కెట్టుకి చేర్చడం మా పని. మొదట్లో బండి వెంట అల్లుడు వెళ్ళేవాడు. తర్వాత అతనికి ఐసు ఫ్యాక్టరీలో పని దొరికి, నేను వెళ్ళడం మొదలుపెట్టాను. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది. అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. కాబట్టి నా రాతలో వంకరలుంటాయి. అబద్ధాలుండవు.

ఆయనది మాడుగుల వైపు పల్లె. వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టాడు. మా బండికి రాకముందు స్టీలు ప్లాంటు దారిలో లారీలు తూచే కాటా దగ్గర చాలా ఏళ్ళు పనిచేశాడు. ఎవరో లారీవాడు ఒక చక్రం కాటా మీదకి ఎక్కించకుండా తూచమంటే తూచనన్నాడట. యజమాని కూడా లారీవాడి వైపే మాట్లాడాడట. "కాటాకి సుట్టాలుండరు" అనేసి, తువ్వాలు దులుపుకుని వచ్చేశాడు. తన బరువు కూడా ఆ లారీ కాటా మీదే చూసుకున్న మనిషి ఆయన. ఆ కాటా పదేసి కేజీల లెక్కే చూపిస్తుంది, మధ్యనున్నది చూపించదు.

"నువ్వెంత బరువుంటావు బావా?" అని ఒకసారి అడిగాను.

"అరవయ్యి."

"అంతకన్నా ఎక్కువే కనిపిత్తన్నావు."

"డెబ్బయ్యి ఇంకా అవ్వలేదు. మద్దినున్నది కాటాకి తెలీదు. కాటాకి తెలీంది నానెలాగ సెప్తాను?"

అలాంటి మనిషి చేతిలో బండి పెట్టాం. చొక్కా జేబులో అందరికీ పెన్నుంటే ఆయనకి టైర్ల గాలి కొలిచే గేజీ ఉండేది. పొద్దున్నే, బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసేవాడు. వేడెక్కిన టైరు గొప్పలు చెప్తుందట. డీజిల్ కొట్టించడం అయితే ఒక పూజ. ఒకే బంకు. ఆ బంకులో రెండో పంపు. బండి ముక్కు సముద్రం వైపే ఉండాలి. నేల మీద పగిలిన సిమెంటు గీత ఒకటుంది, ముందు చక్రం దాని మీదే ఆగాలి. రెండో పంపు దగ్గర వేరే బండి ఉంటే, మొదటిది ఖాళీగా ఉన్నా సరే, వెనకాలే కాచుకుని కూర్చునేవాడు. వెనక ఆటోలవాళ్ళు హారన్లు కొట్టి తిట్టేవాళ్ళు. వాళ్ళకి చెయ్యెత్తి దణ్ణం పెట్టేవాడు గానీ కదిలేవాడు కాదు.

"ఏటి బావా నీ సాదస్తం? ఆ పంపులో వొచ్చేది కూడా డీజిలే కదేటి?" అని బంకుకి తోడెళ్ళిన ఒక రోజు అడిగాను.

"డీజిలు ఒకటే బావా. నేలే ఒకటి కాదు. అక్కడ నేల వాలుగా ఉంటాది. బండి ఒరిగితే టాంకీలోన గాలి మిగిలిపోద్ది. ఇయ్యాల లీటరు తక్కువ పడతాది, రేపు లీటరు ఎక్కువ పడతాది. ఇయ్యాల మైలేజీ బెమ్మాండం అంటావు, రేపు బండి పాడైపోనాది అంటావు. బండి ఏటీ సెయ్యలేదు. నేల సేసింది."

నాజిల్ టక్ అన్నాక ఒక్క చుక్క కూడా పోయనిచ్చేవాడు కాదు. ఆ టక్ నుంచి మళ్ళీ వచ్చే టక్ దాకా ఎన్ని కిలోమీటర్లు తిరిగాం, రెండో టక్ దాకా ఎన్ని లీటర్లు పట్టాయి, ఇదీ లెక్క. ఒక్క టాంకీతో వచ్చిన అంకెని నమ్మేవాడు కాదు. నోటుబుక్కులో దాని పక్కన 'ఒంటి కొలత' అని చిన్నగా రాసేవాడు. మూడు టాంకీలు ఒకే అంకె చెబితేనే ఆ 'ఒంటి కొలత' కొట్టేసేవాడు. ఇది నాకు వెంటనే పట్టుబడింది. సముద్రం మీద మేమూ అంతే. వల ఎక్కడ వేశామో గుర్తుకి ఒక్క కొండని చూసి వచ్చేస్తే ఆ చోటు మళ్ళీ దొరకదు. రెండు కొండలు చూడాలి.

బండిలో డ్రైవరు ముందు మైలేజీ అంకె వెలుగుతుంది కదా, దాన్ని లక్ష్యపెట్టేవాడు కాదు. "అది పెళ్ళిళ్ళ పేరయ్య బావా. సెప్తే మంచే సెప్తాది" అనేవాడు. షోరూములో చెప్పిన మైలేజీని పెళ్ళిచూపులనాటి వంట అనేవాడు. ఆ రుచి మళ్ళీ ఎప్పుడూ రాదట. చివరికి కిలోమీటర్ల మీటరుని కూడా వదల్లేదు. విజయనగరం రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టి చూశాడు. పది రాళ్ళు దాటేసరికి మీటరు పదింబావు చూపించింది.

"సూసేవా? మీటరు కూడా కోతలు కోత్తంది. అందరూ ఈ కోత పట్టుకునే నా బండి ఇంత ఇత్తంది అంత ఇత్తంది అంటారు" అని తిరిగొచ్చాక నాతో చెప్పి నవ్వాడు. అప్పటినుంచీ మీటరు చెప్పినదాంట్లోంచి ఆ కోత తీసేశాకే లెక్క కట్టేవాడు.

అలా మూడు టాంకీలు కాదు, ముప్పై టాంకీలు చూసి మా బండి లీటరుకి పన్నెండున్నర ఇస్తుందని తేల్చాడు. చేపలు, ఐసు, ఎండ, మధురవాడ ట్రాఫిక్కు, వచ్చేటప్పుడు ఖాళీ బండి, అన్నీ కలిపి పన్నెండున్నర. ఆ అంకె మీద మాకు గుడి మీద ఉన్నంత నమ్మకం.

ఆ నమ్మకమే కొంప ముంచింది. ఒక ఏడాది ఎండాకాలం ముందు ఆ పన్నెండున్నర పదికొచ్చింది. తర్వాతి టాంకీ పదింబావు. ఆ తర్వాతది మళ్ళీ పది. దాచకుండా ఆయనే చెప్పాడు.

నేను ముక్కుసూటి మనిషిని. ముక్కుసూటిగా పోయేవాడికి గోడ తగులుతుందని పెద్దవాళ్ళు ఎందుకు చెప్పలేదో తెలీదు. బండి అదే, రోడ్డు అదే, బరువు అదే. మధ్యలో డీజిల్ ఎక్కడికి పోతుంది? హార్బరులో పాట జరుగుతున్న షెడ్డులో, పది మంది మధ్య, అనకూడని మాట అన్నాను.

"ఏటి బావా, డీజిలు బండి తాగుతందా, నువ్వు తాగుతన్నావా?"

షెడ్డులో నవ్వులు లేచాయి. జాలరిపేట నుంచి చేపలు కొనడానికొచ్చే మా వదిన నోరు చాలా పెద్దది. "ఒలమ్మ! మనిసిని సూత్తే మంచినీల్లు కూడా అడిగి తాగేలాగున్నాడు, డీజిలెలాగ తాగేసినాడే!" అంది. నవ్వులు ఇంకా పెరిగాయి. ఎవరో వెనకనుంచి, "కేను పట్టుకొచ్చినాడేటో సూడండి" అన్నారు.

ఆయన నవ్వలేదు. కోప్పడలేదు. మోస్తున్న చేపల ట్రేని మెల్లిగా కింద పెట్టి, చేతులు తువ్వాలుకి తుడుచుకుని నా దగ్గరికొచ్చాడు.

"నోటితో సెప్తే నీ మాట నీది, నా మాట నాది. నువ్వే కొలువు బావా. కొలిసి, దొంగని తేలితే నువ్వే గెంటీ. తేలకపోతే నానే ఎల్లిపోతాను."

"తేలకపోతే ఎందుకెల్తావు?"

"అనుమానమున్న కాడ కొలత ఉండదు" అన్నాడు. మళ్ళీ వెళ్ళి ట్రే ఎత్తుకున్నాడు.

సరే, కొలుస్తానన్నాను. టాంకీ మూతకి తాళం కొన్నాను. తాళంచెవి నా మొలతాడుకి కట్టుకున్నాను. బండి మా ఇంటి అరుగు ముందే పెట్టించాను. డీజిల్ కొట్టించేటప్పుడు దిగి, నా కళ్ళజోడుతో నేనే అంకెలు చూసేవాణ్ణి. అంకెలు నాకు వచ్చు, అక్షరాలే రావు. నోటుబుక్కు నా చేతికిచ్చి, "నువ్వే రాయి బావా, నా రాత నమ్మకు" అన్నాడు. ఆ మాట చురక కాదు, పద్ధతి. ఆయనకి రెండిటికీ తేడా లేదు.

నాలుగు రోజులకి టాంకీ అయింది. లెక్క చేయించాను. పది.

తాళం తాళంలాగే ఉంది. చెవి మొలతాడుకే ఉంది. డీజిల్ మాత్రం పోయింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. దొంగ దొరక్కపోతే ఇంత బాధగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

మర్నాడు బంకు నుంచి కదులుతూ ఆయన అన్నాడు: "ఇప్పుడు ఒక్కటి మారుద్దుం బావా. ఒక్కటే. రెండు మారిత్తే ఏది దొంగో తెలీదు."

"ఏటి మారుద్దుం?"

"హార్బరులోన నువ్వు బండిలోన కూకున్నంతసేపూ ఇంజిను ఆపి కూకో."

నాకు నవ్వొచ్చింది. పాట మొదలయ్యి సరుకెక్కేదాకా రెండు, రెండున్నర గంటలు నేను బండిలో కూర్చుంటాను. వరస కదిలితే బండి ముందుకి జరపాలి కదా, అందుకని డ్రైవరు సీట్లోకి మారి ఇంజన్ నడుస్తూనే ఉంచుతాను. ఆయన ఒకటి రెండుసార్లు ఆపమని చెప్పాడు, నేను వినలేదు.

"నిలబడ్డ బండి ఏటి తాగుతాది బావా? కిలోమీటరే కదల్లేదు."

నిజంగానే అలా అనుకున్నాను. నవ్వకండి. సముద్రం మీద డీజిల్ గంటల్లో పోతుందని ఎవరు చెప్పినా చెప్పకపోయినా నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు గంటల్లోనే లెక్కపెట్టాను. కానీ నేల మీదకొచ్చాక ప్రతివాడూ కిలోమీటరుకింత, కిలోమీటరుకింత అంటుంటే, కాబోలు, నేల మీద డీజిల్ కిలోమీటర్లలో మాత్రమే పోతుంది అని నమ్మేశాను. చక్రం తిరక్కపోతే చుక్క పోదని. ఒడ్డెక్కిన సరంగు తప్ప ఇంకెవడూ ఇలాంటి తప్పు చెయ్యడు.

ఇంకో కారణం ఉంది. అది ఆయనకి చెప్పలేదు. బోటు వాడు నడి సముద్రంలో ఇంజన్ ఆపడు. ఆపితే మళ్ళీ అంటుకుంటుందో లేదో. ఒకసారి మా ఇంజన్ దానంతటదే ఆగిపోయింది. రెండు పగళ్ళు నీటివాలుకి కొట్టుకుపోయాం. కొండలు ఒక్కొక్కటీ చిన్నవైపోయి, చివరికి ఏ కొండా లేకుండా పోయింది. ఇంకో బోటువాళ్ళు చూడబట్టి బతికాం. అప్పటినుంచీ నేను కూర్చున్న చోట ఇంజన్ చప్పుడు ఆగితే నాకు ఊపిరి ఆగినట్టుంటుంది.

అయినా పందెం పందెమే. మొదటి రోజు ఇంజన్ తాళం తిప్పాను. చప్పుడు ఆగిపోయింది. చుట్టూ హార్బరంతా అరుపులే, కాకుల గోలే, కానీ నాకేమీ వినపడలేదు. కాళ్ళు రెండూ బండి అడుగుకి తన్నిపెట్టి కూర్చున్నాను. మళ్ళీ తాళం మీద చెయ్యి వేశాను.

అప్పుడు పక్క తలుపు తీసుకుని ఆయన ఎక్కాడు. రెండు టీలు తెచ్చాడు. ఒకటి నా చేతిలో పెట్టాడు. ఎక్కించాల్సిన ట్రేలు షెడ్డులో అలాగే ఉన్నాయి. టీ ఊదుకుంటూ, నా వైపు చూడకుండా, అద్దంలోంచి ముందుకి చూస్తూ అన్నాడు:

"ఇది నేల బావా. కొట్టుకుపోదు."

తాళం మీంచి చెయ్యి తీశాను. ఆయనే మళ్ళీ అన్నాడు: "నీకా సద్దు కావాలని నాకెప్పుడో తెల్సు. అందుకే గట్టిగా అడగలేదు. పోతే పోనీలే, రెండు లీటర్లే కదా అనుకున్నాను. నువ్వు దొంగంటావని అనుకోలేదు."

నాలుగు రోజులూ టీ తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఐదో రోజు బంకులో టక్ మంది. పన్నెండుంబావు. తర్వాతి టాంకీ మళ్ళీ ఇంజన్ నడుపుతూ కూర్చోమన్నాడు, రెండో కొండ చూడాలి కదా. పది. ఆ తర్వాత ఆపి కూర్చున్నాను. పన్నెండున్నర. నాకు అక్షరాలు రావు కనుక ఇంజన్ నడిచిన టాంకీ పక్కన బోటు బొమ్మ, ఆపిన టాంకీ పక్కన లంగరు బొమ్మ వేశాను. బోటు, లంగరు, బోటు, లంగరు. దొంగ ఎవరో పసిపిల్లలకి కూడా అర్థమయ్యేలా ఉంది ఆ పేజీ. అల్లుడు మానేసి నేను బండెక్కిన రోజునుంచే మైలేజీ పడిపోయిందని అప్పుడు తట్టింది.

ఆయన తనుండే గదికెళ్ళి బట్టల సంచీ సర్దుకున్నాడు. అన్నమాట ప్రకారం వెళ్ళిపోతానన్నాడు. బతిమాలడం నాకు చేతకాదు. "రేపొక్క రోజు రా, తర్వాత నీ ఇష్టం" అన్నాను.

మర్నాడు షెడ్డులో పాట పాడేవాడి చెవిలో నాలుగు మాటలు చెప్పి, పాటకి పెట్టిన చేపల పక్కన నేనూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. వాడు గొంతెత్తాడు.

"డీజిలు దొంగ దొరికినాడండోయ్! డ్రైవరు కాదు, ఈ సరంగే! నిలబెట్టిన బండిలోన ఇంజిను ఏసుకుని కూకుని, రోజుకి రెండు లీటర్లు తాగీసిన ముసిలి వంజరం! పాట పెట్టండి!"

షెడ్డంతా గొల్లుమంది. మా వదిన ముందుకొచ్చి, నా చెవి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, చేప మొప్పలు చూసినట్టు చూసింది.

"నాకొద్దు బాబూ. తాజా కాదు. ఐసు దండగ!"

ట్రే నెత్తిన పెట్టుకుని నిలబడ్డ ఆయన నవ్వాపుకోలేక ట్రే దించేశాడు. "లెగు బావా, ఏటీ అల్లరి? సరుకెక్కించాల" అన్నాడు. అంతే. వెళ్ళిపోవడం సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సంచీ మాత్రం బండి సీటు వెనక వారం రోజులు అలాగే ఉంది. ఆ తర్వాత ఎప్పుడో తీసుకెళ్ళిపోయాడు.

అక్షరాలు కూడా ఆయన పుణ్యమే. పలకా బలపం పట్టించలేదు. రాళ్ళు లెక్కపెట్టే పని నాకప్పగించాడు. ప్రతి రాతి మీదా పేరు అదే, అంకె మాత్రం మారుతుంది. విజయనగరం ముప్పై, విజయనగరం ఇరవైతొమ్మిది. ఒకే మాట రోజుకి అన్నిసార్లు ఎదురొస్తే గొడ్డుకైనా అక్షరం వస్తుంది. 'వి'తో మొదలుపెట్టి సున్నా దాకా వచ్చాను. మధ్యలో ఇంగ్లీషు రాళ్ళొస్తే, "అది మనది కాదు, వొదిలీ" అనేవాడు. రెండేళ్ళలో షాపుల బోర్డులు చదివాను. తర్వాత ఆయన నోటుబుక్కు మొత్తం చదివాను. అందులో నా మీద ఒక్క మాట లేదు. అన్నీ కిలోమీటర్లూ లీటర్లే.

కిందటేడు జ్వరంతో పడుకుని వారం తిరక్కుండా పోయాడు. పెద్దాసుపత్రి నుంచి వాళ్ళ ఊరికి మన బండిలోనే తీసుకెళ్దామన్నాను. బయల్దేరేముందు రెండో పంపు దగ్గర, గీత మీద చక్రం ఆపి, టక్ అనేదాకా కొట్టించాను. పిచ్చోడనుకున్నారేమో, అనుకోనీ. ఆ రోజు బండి నడపడానికొచ్చిన కుర్రాడికి చెప్పాను: "నలబై దాటకు. బ్రేకు మీద కాలు పడకుండా పోనీ. ఆయనకి అలాగే ఇష్టం."

ఊళ్ళో, ఇంటి ముందు, అన్నీ అయ్యేదాకా నేను బండిలో కూర్చున్నాను. కాసేపటికి వాళ్ళావిడ బయటికొచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. అయినా నన్ను చూసి కొంచెం నవ్వింది.

"పాటలోన కూకున్న సరంగన్న నువ్వేనా? మా ఇంటిలోన ఆ కత సెప్పని పండగ లేదు. ఏదో పందెం ఓడిపోనావట కదా?"

అప్పుడర్థమైంది. ఇన్నేళ్ళుగా ఇంట్లో ఆ కథ సగం నుంచే చెప్పాడు. పది మందిలో నేను ఆయన్ని దొంగన్న మాట పెళ్ళానికి కూడా చెప్పలేదు. నేను ముక్కుసూటి మనిషినని ముందే రాశాను. అప్పుడు మాత్రం, "అవునమ్మా, పందెమే. సిత్తుగా ఓడిపోనాను" అన్నాను.

తిరిగొచ్చి అదే పంపు దగ్గర ఆగాం. టక్ మంది. లీటరుకి పదమూడున్నర. ఆ బండి అంత ఎప్పుడూ ఇవ్వలేదు. నోటుబుక్కు తీశాను. ట్రేల లెక్క రాసే గడిలో 'బావ' అని రాశాను. మైలేజీ గడిలో పదమూడున్నర వేసి, పక్కన ఆయన రాసినట్టే చిన్నగా 'ఒంటి కొలత' అని రాశాను. దానికి రెండోది కొలవడం ఎవరి తరమూ కాదు.

బోటో లంగరో వేసే ఇంజన్ గడి మిగిలింది. వాళ్ళ ఇంటి ముందు రెండు గంటలు కూర్చున్నాను కదా, ఇంజన్ ఎప్పుడు ఆపానో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. ఆగే ఉంది, అంతవరకు తెలుసు. ఆ గడిలో అక్షరాలు వచ్చి కూడా అక్షరాలు రాయలేదు. లంగరు బొమ్మ వేశాను.